ముప్పై ఒక్క రోజుల రాజనీతి పాఠం

రాజ్యం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం... ఈ మాటలు వినగానే ఇంటర్‌లో బట్టీ పట్టిన నిర్వచనాలే గుర్తొస్తాయి చాలామందికి. పరీక్ష అయిపోగానే పుస్తకం అటకెక్కేస్తుంది. కానీ ఆ మాటలన్నీ ఒకసారి మన వీధుల్లోకి వచ్చి నిలబడ్డాయి. సరిగ్గా ముప్పై ఒక్క రోజులు!

1984 ఆగస్టు 16. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగొచ్చిన ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌ను గవర్నర్ రామ్‌లాల్ పదవి నుంచి తప్పించారు. ఆ మంత్రివర్గంలోనే ఆర్థికమంత్రిగా పనిచేసిన నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. బలం నిరూపించుకోవడానికి కొత్త ముఖ్యమంత్రికి నెల రోజుల గడువిచ్చారు. నా బలమేంటో సభలోనే చూపిస్తానన్న పాత ముఖ్యమంత్రికి మాత్రం ఆ అవకాశం దక్కలేదు. రాష్ట్రమంతా నిరసనలు మొదలయ్యాయి. ఎమ్మెల్యేల క్యాంపు కర్ణాటకకు చేరింది. ఎన్టీఆర్ తన వెంట ఉన్నవాళ్లను తీసుకుని రాష్ట్రపతి భవన్‌కు వెళ్లారు. గవర్నర్ మారారు. సెప్టెంబరు 16న మళ్లీ ఎన్టీఆరే ముఖ్యమంత్రి అయ్యారు.

ఆ నెలరోజుల్లో మారిందేమిటి, మారనిదేమిటి అని అడగడం మొదలుపెడితే చాలు... రాజనీతి శాస్త్రం తలుపు తెరుచుకున్నట్టే.

మూడు మాటలు... ముప్పై తికమకలు

రాజ్యం, రాష్ట్రం, ప్రభుత్వం. మామూలు మాటల్లో ఈ మూడింటినీ కలిపేస్తాం. ఇంగ్లిషులోనూ రాజ్యాన్ని స్టేటే అంటారు, రాష్ట్రాన్నీ స్టేటే అంటారు. తెలుగులో రాష్ట్రమంటే దేశంలో ఒక భాగం. కానీ రాష్ట్రపతి మాత్రం దేశం మొత్తానికీ అధిపతి!

శాస్త్రం లెక్కలో రాజ్యానికి నాలుగు కావాలి. జనం, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం. చివరిదే కీలకం. తన హద్దుల్లో తనదే ఆఖరిమాట కావడం, బయటివాళ్ల ఆజ్ఞలకు లోబడకపోవడం అన్నమాట. అది భారతదేశానికి ఉంది, ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ లేదు. అందుకే 2014లో రాష్ట్ర విభజన మీద అసెంబ్లీ అభిప్రాయం అడిగారు కానీ, నిర్ణయం తీసుకున్నది పార్లమెంటు. రాజ్యాంగంలోని 3వ అధికరణం ఆ అధికారాన్ని పార్లమెంటుకే ఇచ్చింది.

మరి ప్రభుత్వం? అది రాజ్యం పని నడిపే యంత్రాంగం మాత్రమే. ప్రభుత్వాలు వస్తాయి, పోతాయి. రాజ్యం ఉంటుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం రాజ్యానికి ఏడు అంగాలు చెప్పింది... స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు. అంత పాతకాలంలోనే రాజు అంటే రాజ్యం కాదు, ఏడింటిలో ఒకటి!

కుర్చీ సరే... ఒప్పుకునేదెవరు?

1984లో గవర్నర్ సంతకంతో కుర్చీ చేతులు మారింది. జనం మాత్రం ఒప్పుకోలేదు. అధికారం ఒకటి, ఆమోదం మరొకటి అని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. జనం ఒకరి మాట ఎందుకు వింటారన్న ప్రశ్నకు జర్మన్ పండితుడు మాక్స్ వెబర్ మూడు కారణాలు చెప్పారు. తాతల నాటి నుంచీ వస్తున్న సంప్రదాయం, నాయకుడి జనాకర్షణ, చట్టం మీద నమ్మకం. ఎన్టీఆర్‌కు రెండోది దండిగా ఉంది. 1983 ఎన్నికల తీర్పుతో మూడోదీ తోడైంది.

ఇలాంటి మౌలిక ప్రశ్నలను తేల్చే శాఖే రాజనీతి సిద్ధాంతం. అందులో ఇప్పటికీ తెగని తగాదా ఒకటుంది. ఎమ్మెల్యే ఎవరి మనిషి? ఓటేసినవాళ్లు చెప్పినట్టు నడుచుకోవాలా, తన బుద్ధికి తోచింది చేయాలా? ప్రజాప్రతినిధి తన విచక్షణను వదులుకోకూడదని 1774లోనే ఎడ్మండ్ బర్క్ బ్రిస్టల్ ఓటర్లకు మొహం మీదే చెప్పారు. 1780లో గెలుపు మీద ఆశ లేక అక్కడ పోటీ నుంచి తప్పుకున్నారు కూడా! 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ఈ తగాదాకు మన దేశం చెప్పిన జవాబు. పార్టీ టికెట్ మీద గెలిచి పార్టీ మారితే సీటు పోతుంది. మొదట్లో మూడోవంతు మంది చీలితే మినహాయింపు ఉండేది. 2003లో దాన్నీ తీసేశారు. మూడింట రెండొంతుల మందితో విలీనమైతే మాత్రం ఇప్పటికీ వర్తించదు.

ఆస్ట్రేలియాలోనూ అదే కథ!

ఒక దేశంలో జరిగిందాన్ని ఇంకో దేశంతో పోల్చి చూసే శాఖ తులనాత్మక రాజకీయాలు. దీనికి ఆద్యుడు అరిస్టాటిల్. ఆయనా, శిష్యులూ కలిసి 158 రాజ్యాంగాలను సేకరించారని చెబుతారు.

మన కథకు జోడీ ఆస్ట్రేలియాలో దొరుకుతుంది. 1975 నవంబరు 11న గవర్నర్ జనరల్ జాన్ కెర్ ప్రధాని విట్లంను తొలగించి, ప్రతిపక్ష నేత ఫ్రేజర్‌ను కూర్చోబెట్టారు. విట్లంకు దిగువసభలో మెజారిటీ ఉంది. కానీ ఎగువసభ ఖర్చుల బిల్లును ఆపేసింది. తర్వాతి నెలలోనే ఎన్నికలొచ్చాయి. అక్కడ ఫ్రేజర్ భారీగా గెలిచారు. ఇక్కడేమో 1984 డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్ 400కు పైగా సీట్లు ఊడ్చేస్తుంటే తెలుగుదేశం 30 గెలిచింది. 1985 అసెంబ్లీ ఎన్నికల్లో 294కు 202 సాధించింది. పైనుంచి చేసిన పని ఒకటే, జనం తీర్పులు రెండు! ఎందుకని తరచి చూడటమే ఈ శాఖ పని. ఓట్ల లెక్కలతో ఆ ‘ఎందుకు’ను వెతికేవాళ్లు ఎన్నికల విశ్లేషకులు. ఇప్పుడది దానికదే ఒక శాఖలా పెరిగింది.

ముఖ్యమంత్రి ఎవరైనా... ఫైలు కదలాలి

సచివాలయంలో పేరు పలక మారినంత మాత్రాన కలెక్టరు కలెక్టరు కాకుండా పోడు. భూమి రికార్డు చెల్లకుండా పోదు. ఉద్యోగి జీతం తీసుకునేది ముఖ్యమంత్రి దగ్గర కాదు, ఖజానా నుంచి. ఈ యంత్రాంగం ఎలా పనిచేయాలో చెప్పేది ప్రభుత్వ పాలన శాఖ. దీన్ని విడిగా చదవాలని 1887లో వ్యాసం రాసింది వుడ్రో విల్సన్. తర్వాత అమెరికా అధ్యక్షుడైన విల్సనే!

ఇక దేశాల హద్దులు దాటితే వచ్చేది అంతర్జాతీయ సంబంధాలు. 1945లో ఐక్యరాజ్యసమితిని స్థాపించిన 51 సభ్యుల్లో భారతదేశం కూడా ఒకటి. అప్పటికి మనకింకా స్వాతంత్య్రమే రాలేదు. సార్వభౌమాధికారం లేకుండానే రాజ్యాల వరుసలో కూర్చున్నామన్నమాట! పుస్తకంలో నిర్వచనాలు గీసిన గీతలు బయట ఇలా చెదిరిపోతుంటాయి. శాస్త్రానికి పని దొరికేదీ అక్కడే.

రెండు వాక్యాల మధ్య

మళ్లీ 1984కు వద్దాం. గవర్నర్ అలా ఎలా చేయగలిగారు? జవాబు రాజ్యాంగం 164వ అధికరణంలో ఉంది. మంత్రులు గవర్నర్‌కు ఇష్టమున్నంత కాలం పదవిలో ఉంటారంటుంది అందులో ఒక వాక్యం. మంత్రివర్గం అసెంబ్లీకి సమష్టిగా బాధ్యత వహించాలంటుంది పక్కనే మరో వాక్యం. ఇష్టం గవర్నర్‌ది, బాధ్యత సభకు! ఏ వాక్యానికి బరువెక్కువ?

ఆ ప్రశ్నకు జవాబు మెల్లమెల్లగా స్థిరపడింది. మంత్రివర్గానికి మెజారిటీ ఉందా లేదా అన్నది సభలోనే తేలాలని 1988లో సర్కారియా కమిషన్ చెప్పింది. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం అదే ఖాయం చేసింది. బలం తేల్చాల్సింది రాజ్‌భవన్‌లో కాదు, అసెంబ్లీలో అని. 2018లో కర్ణాటక గవర్నర్ యడ్యూరప్పకు 15 రోజుల గడువిస్తే, మర్నాడే బలపరీక్ష పెట్టమని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఓటింగుకు ముందే ఆయన రాజీనామా చేశారు.

అయితే సభలో తలలు లెక్కపెట్టినంత మాత్రాన అన్ని ప్రశ్నలూ తీరిపోవు. 1995లో ఎన్టీఆర్ మళ్లీ పదవి పోగొట్టుకున్నారు. ఈసారి ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది చంద్రబాబునాయుడి వైపు ఉన్నారు. లెక్క అటే మొగ్గింది. ఓటు పడింది నాయకుడి బొమ్మకా, పార్టీ గుర్తుకా, నిలబడ్డ అభ్యర్థికా అన్న వాదన మాత్రం చాలా రోజులు నడిచింది.

ఈసారి టీవీలో ఎమ్మెల్యేల బస్సు ఏ రిసార్టు వైపో వెళ్తుంటే, ఎవరు గెలుస్తారన్నది కాసేపు పక్కనపెట్టండి. ఈ అధికారం ఎవరిచ్చారు, ఎవరు వెనక్కి తీసుకోవచ్చు, ఎక్కడ తేలాలి? ఈ మూడూ అడిగి చూడండి. అటకెక్కిన పుస్తకంలోని మాటలే మళ్లీ కొత్తగా కనిపిస్తాయి.