వసూళ్లు అవార్డులు కావు

‘ప్రేక్షకులిచ్చే కలెక్షన్లే అసలైన అవార్డు. ప్రభుత్వాలిచ్చే బొమ్మలు ఎవరికి కావాలి?’ టీవీ చర్చల్లో, సక్సెస్ మీట్లలో ఈ మాట ఈ మధ్య మరీ ఎక్కువైంది. అనేవాళ్లు గర్వంగా అంటున్నారు, వినేవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. నాకైతే ఒళ్లు మండుతోంది.

కలెక్షన్లు ఎవరి జేబులోకి పోతాయి? నిర్మాతకు, డిస్ట్రిబ్యూటరుకు, లాభాల్లో వాటా అడగగలిగిన హీరోకు. మేకప్‌మ్యాన్‌కు అందులో వాటా ఉందా? కాస్ట్యూమ్స్ కుట్టినవాడికి ఉందా?

ఒక్కసారి డబ్బింగ్ థియేటర్లోకి తొంగి చూడండి. ఇరుకు గది, చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుగా తెర. తెరమీద కథానాయిక పెదవి కదిలిన ప్రతిచోటా మైకు ముందున్న అమ్మాయి తన ఏడుపును సరిగ్గా కూర్చాలి. సింక్ తప్పిందా, మళ్లీ మొదటికి. నాలుగో టేకులో కూడా మొదటిసారి ఏడ్చినట్టే ఏడవాలి. మన సీరియళ్లలో కథానాయికలు చాలామంది కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు. రాత్రి అన్నాలు తింటూ మన ఇళ్లలో కళ్లొత్తుకునేది ఈ తెలుగు పిల్ల గొంతు విని. ఆమె బజార్లో ఎదురైతే ఎవరూ పోల్చుకోరు. గురువారం టీఆర్పీ బాగుంటే పండగ ఛానల్‌కు. మరి ఆమెకు ఏ కలెక్షన్ కిరీటం పెడుతుంది?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమిచ్చే నంది అవార్డు పెట్టేది. 1964 సినిమాల్లో ‘డాక్టర్ చక్రవర్తి’కి దక్కిన బంగారు నందితో మొదలై, పోనుపోను ఆ జాబితా డబ్బింగ్, మేకప్, కాస్ట్యూమ్స్, చివరికి సినిమా మీద రాసిన పుస్తకం దాకా విస్తరించింది. టీవీకి విడిగా నందులుండేవి. టెలిఫిల్ము తీసినవాడిని, డాక్యుమెంటరీ తీసినవాడిని వేదికెక్కించి, పేరు పెట్టి పిలిచి సత్కరించేవారు. మూడేళ్ల నందుల్ని 2017 నవంబరులో ఒక్కసారే ప్రకటించారు. వాటి మీద పెద్దవాళ్లు కొట్టుకున్నారు, ఆ పరంపర ఆగిపోయింది. స్టార్లకు పోయిందేమీ లేదు. ఆంబోతుల పోట్లాటలో నలిగిన లేగదూడలు ఈ చిన్న కళాకారులే.

‘అవార్డులన్నీ పైరవీలే’ అంటారు. పైరవీ ఉంటే జ్యూరీని మార్చండి, అవార్డును చంపకండి.

2025 జూన్ 14న హైదరాబాద్ హైటెక్స్‌లో తెలంగాణ ప్రభుత్వం తొలి గద్దర్ సినిమా అవార్డులిచ్చింది. 2024 సినిమాలకు వసూళ్లే కొలమానమైతే ‘పుష్ప 2’ తర్వాత ఇంకెవరినీ పిలవక్కర్లేదు. అల్లు అర్జున్ ఉత్తమ నటుడైన ఆ వేదిక మీదే, కొడుక్కి లెక్కలు నేర్పడం కోసం తాను చదువుకునే తల్లిగా ‘35’లో నటించిన నివేదా థామస్ ఉత్తమ నటి అయింది. వసూళ్ల పట్టికలో ఆ రెండు సినిమాలు ఒకే వరసలో ఎన్నడూ కూర్చోవు. అవార్డు కూర్చోబెట్టింది. అవార్డు ఉండాల్సింది ఇందుకే.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ వినండి. ఏటా ఉగాదికి అవార్డులివ్వండి, బకాయిలు పేర్చకండి. ఫలానావారిని ఎందుకు ఎంచారో జ్యూరీ చేత రాయించి ప్రజల ముందు పెట్టండి. టీవీకి, సాంకేతిక నిపుణులకు సగౌరవంగా చోటివ్వండి. హీరోల డాన్సులకు టైము చాలక వాళ్ల పేర్లు గబగబా చదివి పంపేయడం మానండి. డబ్బు చూసినవాళ్లకు చప్పట్లు ఎలాగూ దొరుకుతాయి. పని చేసినవాళ్లకు కొట్టించాల్సిన బాధ్యత మీది.