చూడకుండానే కోసేస్తారా?

విజయవాడ సూర్యారావుపేటలో ఏ సందులోకి తిరిగినా స్కానింగ్ సెంటరే. ప్రతి గోడ మీదా లింగ నిర్ధారణ చెయ్యబడదన్న బోర్డు. 1994 నాటి చట్టం పెట్టించిన బోర్డు అది. కడుపులో ఆడపిల్లని వెతకడానికి ఈ యంత్రాల్ని అంత శ్రద్ధగా వాడారు గనకే ఆ చట్టం కావలసి వచ్చింది. ఆ శ్రద్ధ ఆడదాని నొప్పిని వెతకడంలో ఏమైంది?

దివిసీమ నుంచి వచ్చిన ఒక కూలి అక్కకి తోడుగా వెళ్ళాను. ఏళ్ళ తరబడి ముట్టు నొప్పి. ఇప్పుడు ముట్టు కాని రోజుల్లోనూ రక్తం. పొట్ట మీద అయిదు నిమిషాలు స్కాన్ తిప్పారు, రెండు లైన్ల చీటీ ఇచ్చారు. "పిల్లలు పుట్టేశారుగా, గర్భసంచి తీసేద్దాం. ఉంచితే కేన్సరొస్తుంది" అన్నాడు డాక్టరు. వస్తుందని భయపెట్టేవాడు, ఇప్పటికే ఉందేమో చూడడేం?

గర్భసంచి లోపొర లాంటి కణజాలం సంచి బయట పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. అది కేన్సర్ కాదు. ఆ జబ్బున్న అత్యధికులకి దానివల్ల కేన్సర్ రాదు. ఈ మాట ముందే చెప్పాలి, మన భయమే వాళ్ళ పెట్టుబడి గనక. అయితే చాలా అరుదుగా, గర్భాశయ ముఖద్వారంలో చేరిన ఆ కణజాలంలోంచే కేన్సర్ పుడుతుంది. క్లియర్ సెల్, ఎండోమెట్రియాయిడ్ అనే రకాలు. మామూలు ముఖద్వార కేన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌తో వీటికి సాధారణంగా సంబంధం ఉండదు. వైరస్ లేదని రిపోర్టొచ్చినా నిశ్చింత లేదు. గోడ లోతులో ఉన్నది పాప్ పరీక్షకి దొరక్కపోవచ్చు.

దాన్ని పట్టిచ్చే బొమ్మ ఎమ్మారై. అందులోనూ మోసం ఉంది. పాత రక్తం తెల్లగా మెరుస్తుంది, ఆ తెలుపులో గడ్డ దాక్కుంటుంది. అందుకే నరానికి మందు ఎక్కించక ముందూ, ఎక్కించాకా బొమ్మలు తీసి, రెంటికీ తేడా చూస్తారు. ఉత్త రక్తమైతే తేడా ఉండదు. బతికున్న కండైతే వెలుగుతుంది. ఆపైన ముక్క పరీక్ష, చివరి మాట దానిదే. కేన్సర్ దశ తేల్చడానికి స్కానింగునీ లెక్కలోకి తీసుకోవచ్చని అంతర్జాతీయ సంస్థ ఫిగో 2018లోనే చెప్పింది. దశ తెలియకుండా మామూలుగా సంచి కోసేస్తే చికిత్స అరకొరే.

అంత అరుదైన జబ్బుకి అందరికీ ఎమ్మారై తీయాలా అని వెటకారం చేస్తారు. అందరికీ అని ఎవరన్నారు? స్పెక్యులం పెట్టి ముఖద్వారం చూడకుండా, లోపలినుంచి స్కాన్ తియ్యకుండా కత్తి పట్టొద్దంటున్నాం. అనుమానమొస్తే ఎమ్మారై సర్కారు ఖర్చుతో తియ్యమంటున్నాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి పోగొట్టుకున్నవాళ్ళు దేశంలో నూటికి 3, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9. ఇందులో ఎందరిని సరిగా చూశారు? అనవసర ఆపరేషన్లు ఆపే మార్గదర్శకాలు అమలు చెయ్యమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పాల్సి వచ్చింది.

అక్క భయపడి ఒప్పుకుంది. తీసిన సంచిని పళ్ళెంలో పెట్టి ఆమె మొగుడికి చూపించారు. ఫైలు ఇప్పుడు నా దగ్గరుంది. బిల్లుంది, మందుల చీటీ ఉంది. ముక్క పరీక్ష రిపోర్టు లేదు. అడిగితే, "పంపలేదమ్మా" అన్నారు.