గృహవిషయములు: జత దొరకని పలకలు

గడచిన వేసవిలో కొండగట్టు ఆంజనేయస్వామి దర్శనమునకు పోయినపుడు కొండ దిగువనున్న యొక గ్రామమున మా దగ్గరి బంధువుల యింట రెండు దినములు నిలిచితిమి. ఆ యింటి నడిమి హాలులో నేల మీద నొక పాత జంపఖానా పరచియుండెను. ఇంటి కోడలు మమ్ము చూచినంతనే, కుశలప్రశ్నలు ముగియకముందే, ఆ జంపఖానా కొన యెత్తి చూపి, "అక్కా, దీనికి జత ఎక్కడన్న దొరుకుతదా?" అని యడిగెను. దాని క్రింద తొమ్మిది టైల్సు పలకలు లేచిపోయి యున్నవి.

అవి లేచిన విధము వినదగినది. వైశాఖమాసములో నొకనాటి మధ్యాహ్నము టపాకాయ పేలినట్లు చప్పుడై, రెండు పలకలు గుడారమువలె ఒకదాని కొకటి యానుకొని లేచినవట. మరునాటికి వరుస యంతయు కదలినది. ఇంటివారు భయపడి, శాంతి యేమైన చేయింపవలెనా యని పురోహితుని గూడ నడిగిరి. ఇందులో గ్రహదోష మేమియు లేదు. పలకలను అంచునకు అంచు తాకునట్లు పరచి, నడుమ సన్నని సందైనను విడువక, గోడల మొదటను ఎడము లేకుండ బిగించినచో, ఎండలకు అవి వ్యాకోచించినపుడు పోవుటకు చోటుండదు. క్రింద సిమెంటు నిండుగా పట్టనిచో ఇక చెప్పవలసినదే లేదు. ప్రక్కకు పోలేనిది పైకి లేచును.

ఆ తల్లి ఒక పలక ముక్కను సంచిలో వేసికొని జగిత్యాల, కోరుట్ల, కరీంనగరము అంగళ్లన్నియు తిరిగినది. ఒకచోట అదే కంపెనీ, అదే పేరు గల పలక దొరికినది. ఇంటికి తెచ్చి ప్రక్కన పెట్టగా ఒకటి పాలవలెను, ఒకటి మజ్జిగవలెను ఉన్నది. అంగడివాడు మోసము చేసెనని ఆమె అనుకొనెను గాని, అది మోసము కాదు. ఈ పలకలు బట్టీలలో కాలినవి. ఒక విడత కాల్పునకు మరియొక విడతకు ఛాయలో కొంచెము, కొలతలో వెండ్రుకవాసి భేదము వచ్చును. అందుచేతనే పెట్టె మీద ఛాయ సంఖ్య యనియు, కొలత సంఖ్య యనియు ముద్రింతురు, మనము చదువము. పైగా ఇవి చాలవరకు గుజరాతులోని మోర్బీ నుండి వచ్చునవి. ఏటేట క్రొత్త రకములు వచ్చుచుండగా పాతవి మానివేయబడును. సిరిసిల్ల నేతవారి నడిగినను ఈ మాటనే చెప్పుదురు: ఒకే రంగు, ఒకే కొలత, అయినను వేరు దినమున అద్దిన నూలు వేరు ఛాయకు తిరుగును.

అంగడివాని సలహా యేమనగా, మొత్తము హాలు పగులగొట్టి క్రొత్తవి వేయుడని. హాలు పదునైదడుగుల పొడవు, పండ్రెండడుగుల వెడల్పు; అనగా 180 చదరపుటడుగులు. రెండడుగుల పలకలు నాలుగున్న పెట్టె 15½ చదరపుటడుగులకు వచ్చును. పండ్రెండు పెట్టెలు, కోతలకు మరియొకటి. ఆపై పగులగొట్టు కూలి, పరచు కూలి, సిమెంటు, ఇసుక, చెత్త మోయు బండి. చేతిలోనున్న సొమ్ము పెద్దపిల్ల కళాశాల రుసుమునకై దాచినది. యజమాని మాత్రము, బంధువులు వచ్చు ఇల్లు గదా, పిల్ల చదువునకు మరల చూచుకొందమని మెత్తబడి యున్నాడు. ఆ మాట చెప్పునపుడు కోడలి కంఠము తడబడెను. పిల్ల తలుపు చాటున నిలిచి వినుచుండెను.

ఇక అత్తగారు. ఆమె రెండేండ్ల క్రిందట స్నానపుగదిలో జారిపడి తుంటి యెముక విరుగగా, కఱ్ఱ పట్టుకొని నడచుచున్నది. అంగడివాడు చూపిన అద్దమువంటి పలకను తడవి చూచి ఆమె యనిన మాట: "మెరిస్తే మెరువనీ గని బిడ్డా, నేను పడితె లేపేదెవలు?"

మాకు తోచినది చెప్పితిమి. చీరకు సరిపోవు రవికెగుడ్డ దొరకనపుడు మనమేమి చేయుదుము? దాదాపుగా కలిసినదానిని కుట్టించుకొన్నచో చూచిన ప్రతివారును, "రంగు కొంచెము తేడా వచ్చినదే" అందురు. ఎఱ్ఱచీరకు పచ్చరవికె తొడిగినచో ఎవరును ఆ మాట యనరు. నేలకును అంతే. జత వెదకుట మాని, విడిగా కనబడునదే కోరి తెచ్చుకొనుడంటిమి.

కాని మొదట లెక్క తేలవలెను. కఱ్ఱపిడితో హాలంతయు ఒక్కొక్క పలకనే తట్టించితిమి. బోలుగా మ్రోగినది రేపో మాపో లేచునది. లేచిన తొమ్మిదిగాక మరి మూడు బోలుగా పలికినవి. పండ్రెండును ముందు దర్వాజ నుండి వెనుక దర్వాజ వరకు గల రెండు వరుసలలోనే యున్నవి. అందరును నిత్యము నడచు దారి యదియే. ఆ రెండు వరుసలను పూర్తిగా తీసివేసి, నాలుగడుగుల వెడల్పున వేరు రాతిబాట వేయించినచో 60 చదరపుటడుగులతో పని ముగియును. మూడింట రెండు పాళ్ల నేల అట్లే నిలుచును. (ఒకటి రెండు మాత్రమే పగిలిన యింట ఇంత పనియు నక్కరలేదు. బీరువా క్రింది మంచి పలకను మెల్లగా ఊడదీసి నడిమికి తెచ్చి, జత కలియనిదానిని బీరువా క్రింద వేయింపవలెను.)

ఏ రాయి యన్నచోట అత్తాకోడండ్రకు భేదము వచ్చినది. అత్తగారు తాండూరు బండలు కోరినది. ఆమె పుట్టినింట అవే. అవి చల్లనివి, కాలికి హితమైనవి. కాని తాండూరు బండయు, నల్లని కడప బండయు సున్నపురాతి జాతివి. నిమ్మరసము, చింతపులుసు ఒలికి నిలిచినచోట మచ్చపడి మెఱుగు పోవును. స్నానపుగది కడుగు ఆసిడ్డు తగిలిన మరియు చెడును. ఆ వెనుక దర్వాజ వంటయింటి ముందుదే. చారుగిన్నె రోజు రెండు మారులైన ఆ దారిని పోవును. కోడలు కోరినది కరీంనగరపు గ్రానైటు. చుట్టుప్రక్కల గుట్టల రాయి యదే. టాన్ బ్రౌన్ అను పేరుతో చీనా మొదలగు దేశములకు ఓడలమీద పోవుచున్నది. దానికి పులుసు భయము అంతగా లేదు. అయితే నునుపు పట్టించిన గ్రానైటు తడిసినచో జారును. మంటతో కాల్చి గరుకు చేసినది జారదు గాని, దుమ్ము పట్టి తడిగుడ్డకు లొంగదు. ఈ రెంటికి నడుమ తోలువలె మెత్తని గరుకుదనము గల మెఱుగొకటి కలదు. లెదర్ ఫినిషని యడిగిన నిత్తురు.

మూడు విధముల ముక్కలును తెప్పించి వాకిట పరచితిమి. వాటిపై గంజినీరు పోయించి, కోడలు ఒక చేయి, మేమొక చేయి పట్టుకొనగా అత్తగారిని చెప్పులు లేకుండ నడువుమంటిమి. నునుపుదానిపై అడుగు పెట్టి వెనుకకు తీసికొనెను. తోలు మెఱుగుదానిపై మూడు మారులు నడచి, పుట్టింటి బండల మాట మరల నెత్తలేదు. రాయి కొనువారు కంటి నేగాక కాలిని గూడ నడుగవలెనని మేము చెప్పుట యిందుకే.

మేస్త్రీతో ముందే తేల్చుకొనవలసినవి కలవు. పలక మందము సుమారు తొమ్మిది మిల్లీమీటర్లు, గ్రానైటు ఇరువది. కావున పాత సిమెంటును మరింత లోతుగా చెక్కి రెంటిని ఒకే మట్టమునకు తేవలెను. రంగు తేడా ఎవరిని పడవేయదు, మట్టము తేడా పడవేయును. రెండడుగులని మనము చెప్పు పలక నిజమునకు 600 మిల్లీమీటర్లే; రెండడుగులు అంతకు దాదాపు పది మిల్లీమీటర్లు హెచ్చు. కొలత యిచ్చి కోయింపనిచో ఏడు బండలు పోవునప్పటికి సందులు రెండున్నర అంగుళములు తప్పును. గోడల మొదట పావు అంగుళము ఎడము విడిపించి, దానిని అంచుపట్టీతో కప్పింపవలెను. ఇరువది మిల్లీమీటర్ల గ్రానైటు చదరపుటడుగునకు ఐదు కిలోలు తూగును. మేడపైన వేయువారు ఇంజనీరు నడుగక వేయరాదు.

పని నాలుగు దినములు పట్టినదట. పిల్ల కళాశాలలో చేరినది. పండుగలకు హాలులో ముగ్గు పెట్టునపుడు ఆ గోధుమరంగు బాట మీదనే పెట్టుచున్నారనియు, తెల్లపిండి దానిపై బాగుగా తేలుచున్నదనియు కోడలు ఫోనులో చెప్పెను. ఊడదీసిన వరుసలలో పగులక వచ్చిన మూడు పలకలను ఛాయ సంఖ్య వ్రాసి అటకపై దాచినారు. అది తెలిసి ప్రక్కింటావిడ, తమదియు అదే రకమని, ఒకటి యిప్పించుమని వచ్చినదట. తీసికొనిపోయి ప్రక్కన పెట్టి చూచుకొని, సాయంకాలమునకు తిరిగి తెచ్చి యిచ్చినది.