గారడీవాడి ఆశ

గారడీవాడికి మంత్రాల మీద నమ్మకం ఉంటుందా? "కిటుకు తెలిసినవాడికి నమ్మకమేమిట్రా!" అంటారు మా హాస్టలు మిత్రులు. 'ది మేన్ ఫ్రమ్ బియాండ్' అనే పాత మూకీ చిత్రం చూసేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

1922లో విడుదలైన ఈ చిత్రానికి కథ, నిర్మాణం, నాయక పాత్ర అన్నీ ఒక్కరివే. సంకెళ్ళు విడిపించుకోవడంలో, తాళం వేసిన పెట్టెల్లోంచి బయటపడడంలో లోకప్రసిద్ధుడైన ఇంద్రజాలికుడు హారీ హుడీనీ. పెద్ద స్టూడియోల అండ లేకుండా సొంత కంపెనీ పెట్టి తీశాడు. ధ్రువప్రాంతపు మంచులో నూరేళ్ళు గడ్డకట్టుకుపోయిన మనిషి బతికి లేస్తాడు. ఎవరిదో పెళ్ళి జరుగుతుంటే, ఆ పెళ్ళికూతురే తన నాటి ప్రియురాలని పట్టుబడతాడు. పునర్జన్మ అన్నమాట! సినిమాగా గొప్పదేం కాదు. హుడీనీ గారి నటన అంతంత మాత్రం. నయాగరా దగ్గర నాయికను రక్షించే ఘట్టం ఒక్కటీ చూడదగ్గది. గడ్డకట్టిన జీవకణం ఏమవుతుందో చదువుకుంటున్నవాణ్ణి గనుక నాకు నవ్వు కూడా వచ్చింది.

ఆయన జీవితం గురించి చదివాక ఆ నవ్వు పోయింది.

1913లో హుడీనీ తల్లి చనిపోయింది. ఆ దుఃఖం ఆయన్ని వదల్లేదు. ఆమెతో ఒక్క మాట మాట్లాడించేవాళ్ళ కోసం వెతికాడు. వెళ్ళిన చోటల్లా తనకు తెలిసిన కిటుకులే! 1922 జూన్‌లో, షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయిల్ గారి భార్య, ఆమె ఆత్మ తనను ఆవహించిందంటూ పదిహేను పేజీలు గబగబా రాసిచ్చింది. మొదటి పేజీ నెత్తిన సిలువ గుర్తు. భాషేమో చక్కని ఇంగ్లీషు. ఆ తల్లి యూదు మతగురువు భార్య, ఇంగ్లీషు రాయడం రానిది! ఇంకో విచిత్రం, హుడీనీకే నిజమైన అతీత శక్తులున్నాయని డాయిల్ నమ్మకం. కాదు మొర్రో అన్నా వినలేదు.

ఆ పైన 1926లో పోయేదాకా హుడీనీ దొంగ భూతవైద్యుల గుట్టు రట్టు చేస్తూనే ఉన్నాడు. అయినా వీలుపడితే పంపుతానని భార్యకు ఒక రహస్య సంకేతం చెప్పిపోయాడు. ఆవిడ పదేళ్ళు ఎదురుచూసి, 1936లో మానుకుంది.

ఇది బలహీనత అంటారా? నేననను. మా పొలంలో రెండు బోర్లు ఎండిపోయాక మూడోదానికి కొబ్బరికాయతో నీళ్ళు చూసే ఆయన వచ్చాడు. అరచేతిలో కాయ లేచి నిలబడితే అక్కడ నీళ్ళున్నట్టు. చెయ్యి కాస్త వంచితే కాయ లేస్తుంది నాన్నా, అని వివరించబోయాను. "ఆ మాత్రం నాకు తెలీదట్రా? సరే, మీ సైన్సు ఎక్కడ వెయ్యమంటుందో చూపించు, అక్కడే వేయిస్తా" అన్నాడు. నోరు మూసుకున్నాను. కాయ చెప్పిన చోటే వేశాం. దుమ్ము లేచింది, అంతే.

విభూది రాల్చడం, నిప్పుల మీద నడవడం చేసి చూపించి గుట్టు విప్పే ప్రదర్శనలకు నేనూ చప్పట్లు కొడతాను. కొట్టాలి కూడా. కానీ భూమిలోకి కరెంటు పంపి నీటి జాడ అంచనా కట్టే రెసిస్టివిటీ మీటరు మన జియాలజీ వారి దగ్గర ఉంది. వచ్చే ఏడు ఊళ్ళకు ప్రదర్శనకు వెళ్ళేటప్పుడు దాన్ని కూడా జీపులో వేసుకు వెళ్ళమని యూనియన్ వారికి నా మనవి. మొదట మా ఊరికే రండి.