లేన్ ఖాళీగా ఉంది కదా, తీసేద్దామా?

"ఈ సైకిల్ లేన్‌లో ఒక్కడు కూడా పోతలేడు. ఊరికే జాగా వేస్ట్. తీసేస్తే కార్లకన్నా పనికొస్తది." హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో సిగ్నల్ దగ్గర ఇరుక్కున్నప్పుడల్లా క్యాబ్‌లో ఎవరో ఒకరు అనే మాట ఇది. మీరూ ఏదో ఒక రోజు అనే ఉంటారు. కెనడాలో ఇదే మాట మీద ఏకంగా చట్టం చేశారు.

2024 నవంబర్‌లో ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం బిల్ 212 పాస్ చేసింది. టొరంటోలో బ్లూర్, యంగ్, యూనివర్సిటీ అవెన్యూ రోడ్ల మీద కార్లకు అడ్డుగా దిమ్మెలు పెట్టి కట్టిన సైకిల్ లేన్లు తీసేస్తామంది. సుమారు 19 కిలోమీటర్లు. ట్రాఫిక్ జామ్ తగ్గించడానికట. సిటీ కౌన్సిల్ వద్దంది, అయినా వినలేదు. సైక్లిస్టుల సంఘం ఒకటి, వాళ్లతో పాటు ఒక యూనివర్సిటీ విద్యార్థిని, సైకిల్ మీద డెలివరీలు చేసే ఒకతను కలిసి కోర్టుకెళ్లారు. 2025 జులైలో తీర్పొచ్చింది: ఈ చట్టం రాజ్యాంగ విరుద్ధం.

తీర్పులో నాకు నచ్చిన విషయం వేరే ఉంది. సైకిల్ లేన్ అనేది మీ హక్కు అని జడ్జి అనలేదు. కానీ ఉన్న రక్షణను తీసేసి, మనుషుల ప్రాణాల్ని ప్రమాదంలో పెడుతుంటే దానికో కారణం ఉండాలన్నారు. లేన్లు తీసేసినా జామ్ తగ్గకపోవచ్చని, యాక్సిడెంట్లు పెరుగుతాయని ప్రభుత్వానికి అందిన సలహాల్లోనే ఉంది! ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది, అది వేరే సంగతి.

అదే ఊళ్లో ఇంకో పాత కథ. 2010లో జార్విస్ స్ట్రీట్‌లో సైకిల్ లేన్లు గీశారు. మరుసటి ఏడాదే తీసేయాలని కౌన్సిల్ ఓటేసింది. 2012లో గీతలు చెరిపే లారీ వస్తే జనం దాని ముందు కూర్చున్నారు. అయినా చెరిపేశారు. అప్పటి మేయర్ రాబ్ ఫోర్డ్. బిల్ 212 తెచ్చిన ప్రీమియర్ డగ్ ఫోర్డ్ ఆయన అన్నే. (ఆ ఇంట్లో సైకిల్ మీద ఏం పగో!)

గెలిచినా ఓడినా, అక్కడ లేన్ తీయాలంటే ఓటింగ్ కావాలి, చట్టం కావాలి, కోర్టులో జవాబు చెప్పాలి. మన దగ్గర అవేం అక్కర్లేదు. సాయంత్రం ఒక కారు ఆగితే చాలు. దాని వెనక ఇంకోటి. వారానికి ఒక చాయ్ బండి, నెలకు ఒక ఇసుక కుప్ప. ఏ మీటింగూ లేకుండానే లేన్ మాయం.

మా ఆఫీసు దగ్గర సెక్యూరిటీ అన్న ఒకాయన సైకిల్ మీదే డ్యూటీకి వస్తాడు. పక్కనే రంగు వేసిన ట్రాక్ ఉన్నా మెయిన్ రోడ్డు మీదే తొక్కుతాడు. ఎందుకన్నా అని అడిగితే, "అండ్ల బండ్లు పెడ్తరు కద తమ్మీ. దిగుడు, ఎక్కుడు, దిగుడు, ఎక్కుడు. దిగినప్పుడల్లా ఎనకొచ్చెటోడు ఆగుతడా? మొదటికెల్లి రోడ్డు మీదనే పోతె వానికి కనవడ్త" అన్నాడు.

ఇప్పుడు ఆ ట్రాక్‌లో ఎంతమంది పోతున్నారో లెక్కపెట్టండి. సున్నా వస్తుంది. ఆయన లెక్కలోకి రాడు, కానీ సైకిల్ మీదే ఉన్నాడు. మా పనిలో కూడా ఇదే జరుగుతుంది. ఒక ఫీచర్‌ను ఎవరూ వాడట్లేదని డాష్‌బోర్డ్ చూపిస్తుంది, తీసేద్దామని మీటింగ్ పెడతారు. తీరా చూస్తే ఆ బటన్ సగం ఫోన్లలో నొక్కితే పనే చేయదు.

పని చేసే ట్రాక్ కూడా ఒకటి ఉంది. ఓఆర్ఆర్ పక్కన 2023 అక్టోబర్ 1న కేటీఆర్ ప్రారంభించిన 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్. 4.5 మీటర్ల వెడల్పు, పైన 16 మెగావాట్ల సోలార్ పలకలు. ఆదివారం పొద్దున నేనూ పోతుంటాను, బాగుంటుంది. కానీ అది నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు, నార్సింగి నుంచి కొల్లూరు వైపు పోతుంది. సెక్యూరిటీ అన్న ఉండే బస్తీకి పోదు. కారు మీద సైకిల్ కట్టుకుని ట్రాక్ దాకా వచ్చేవాళ్లను అక్కడ చాలామందినే చూశాను.

మా జైనూర్‌లో సైకిల్ లేన్ అంటే నవ్వుతారు. తారు రోడ్డు అంచున ఉన్న మట్టే లేన్. వానలకు ఆ అంచు మెట్టులా కోసుకుపోతుంది, వెనక లారీ హారన్ కొడితే దాని మీంచే కిందికి దిగాలి. గూడెం నుంచి బడికొచ్చే పిల్ల దిగుతుంది, సంతకు కూరగాయలు తెచ్చే తాత మూటతో సహా దిగుతాడు. సైకిల్ పాతకాలం బండి అనుకునేవాళ్లకు ఒక లెక్క: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో దాదాపు సగం ఇళ్లలో సైకిల్ ఉంది. ఇంకో లెక్క: 2022లో మన రోడ్ల మీద 4,800 మందికి పైగా సైక్లిస్టులు చనిపోయారు.

2020లో కేంద్రం 'ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్' అని నగరాలకు పోటీ పెట్టింది. ముందు కోన్లు, రంగుతో లేన్ ట్రయల్ వేయాలి, బాగుంటే పక్కాగా కట్టాలి. గెలిచిన 11 నగరాల్లో మన వరంగల్ ఒకటి, కోటి రూపాయల బహుమతి కూడా. ఐడియా మంచిదే. నా భయం ట్రయల్‌ను కొలిచే పద్ధతి గురించే. పదకొండింటికి ఏసీ కారులోంచి చూసి ఖాళీ అని రాస్తే ఏ లేనూ మిగలదు.

పొద్దున ఐదున్నరకు చూడాలి. పాలు, పేపర్ వేసేవాళ్లు, హౌస్‌కీపింగ్ అక్కలు అప్పుడే వస్తారు. రాత్రి తొమ్మిదికి షిఫ్ట్ మారేటప్పుడు మళ్లీ చూడాలి. ట్రాక్‌లో వెళ్లేవాళ్లనే కాదు, దాని పక్కన మెయిన్ రోడ్డు మీద తొక్కేవాళ్లనూ లెక్కపెట్టాలి. అంతకంటే ముందు ఆ కార్లు తీయించాలి. మా ఆఫీసు ముందున్న ట్రాక్‌లో నిన్న సాయంత్రం తొమ్మిది కార్లున్నాయి. ఐదింటి మీద మా కంపెనీ స్టిక్కరే ఉంది.