బీరువాలో దాచిన రిజిస్ట్రేషన్

రెండు నెలల క్రితం ఒక ఆదివారం, అసర్ నమాజు ముగిసిన తరువాత, మాకు చిరకాలంగా పరిచయమున్న ఒక పెద్దాయన తన కుమార్తెను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆయన చేతిలో ఒక సంచి, సంచిలో లామినేషన్ చేయించిన కాగితాల కట్ట ఉన్నాయి. "భాయ్ సాబ్, మా బేటీ నర్సు. జీఎన్ఎం చదివింది. సర్టిఫికెట్లన్నీ ఉన్నాయి. అయినా ఆసుపత్రి వాళ్ళు చేర్చుకోమంటున్నారు. ఒకసారి చూసి పెట్టండి" అన్నారు.

కాగితాలు నిజంగానే అన్నీ ఉన్నాయి. పదవ తరగతి మెమో, మూడేళ్ళ నర్సింగ్ డిప్లొమా, వాటిపై నర్సింగ్ కౌన్సిల్ వారి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు. అది ఉమ్మడి రాష్ట్ర కాలం నాటిది, 2006లో ఇచ్చినది. ఆమె రెండేళ్ళు ఒక నర్సింగ్ హోమ్‌లో పనిచేశారు. తరువాత నిఖా జరిగింది, పిల్లలు పుట్టారు, భర్త డ్రైవరుగా సౌదీకి వెళ్ళారు. సర్టిఫికెట్టు బీరువాలో, పెళ్ళి చీరల కింద భద్రంగా ఉండిపోయింది. నిరుడు భర్త గుండె జబ్బుతో తిరిగి వచ్చారు. ఇక ఆయన స్టీరింగు పట్టడానికి వీల్లేదని డాక్టర్లు చెప్పారు. ఇప్పుడు ఇల్లు గడవడానికి ఆమె చదివిన చదువొక్కటే ఆధారం.

ఆసుపత్రి వారు అడిగినది 'లైవ్ రిజిస్ట్రేషన్'. అంటే ఈనాటికీ చెల్లుబాటులో ఉన్న నమోదు. ఆమె ఇన్నేళ్ళలో ఒక్కసారీ రెన్యువల్ చేయించలేదు. చేయించాలని ఇంట్లో ఎవరికీ తెలియదు. పైగా పేరు ఒక్కో కాగితంలో ఒక్కో విధంగా ఉంది. 'షేక్' అన్న ఇంటిపేరు ఆంగ్లంలో ఒకచోట 'కె'తో ముగిస్తే మరొకచోట 'కెహెచ్'తో ముగిసింది, ఆధార్‌లో అది 'ఎస్‌కే' అన్న రెండక్షరాలకు కుదించుకుపోయింది. పేరు చివరి 'బేగం' డిప్లొమాలో ఉంది, రిజిస్ట్రేషన్‌లో లేదు.

అంతవరకు తలవంచుకుని కూర్చున్న ఆ అమ్మాయి అప్పుడు ఒక ప్రశ్న అడిగారు: "అయితే ఇంతకూ నేను నర్సునా, కాదా?"

ఈ నెల మేము ఈ శీర్షికను ఆ ప్రశ్నకే కేటాయిస్తున్నాము. ఎందుకంటే దానికి ప్రభుత్వ లెక్కలు ఒక జవాబు, ఆసుపత్రి గుమ్మం మరొక జవాబు చెబుతున్నాయి.

దేశంలో నమోదైన నర్సింగ్ సిబ్బంది 33 లక్షలకు పైగా ఉన్నారని కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో పార్లమెంటుకు తెలియజేసింది. అప్పటి లెక్క ప్రకారం వెయ్యి మంది జనాభాకు 1.96 మంది నర్సులుండేవారు. ఉండవలసింది ముగ్గురని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో తరచూ చెప్పే ప్రమాణం. ఈ మొత్తం ఎక్కడి నుండి వచ్చింది? రాష్ట్రాల కౌన్సిళ్ళు తమ తమ రిజిస్టర్లలోని పేర్లను కూడి పంపగా వచ్చింది. మన దేశంలో నర్సు నమోదు మొదటి నుండీ రాష్ట్రాల చేతిలోనే ఉన్నది. మద్రాసు ప్రెసిడెన్సీలో నర్సులు, మంత్రసానుల చట్టం 1926 నాటికే వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం చేసిన తరువాత కూడా పేరు రాసుకునే పుస్తకం రాష్ట్ర కౌన్సిల్ దగ్గరే ఉండిపోయింది. ఆ పుస్తకంలోకి పేరు చేరడం తేలిక, బయటికి పోవడమే కష్టం. మరణించినవారు, గల్ఫుకో ఇంగ్లండుకో వెళ్ళి స్థిరపడినవారు, నిఖా తరువాత వృత్తి మానినవారు, ఒక రాష్ట్రంలో నమోదై మరొక రాష్ట్రంలో మళ్ళీ నమోదైనవారు అందరూ పాత పుస్తకాలలో నర్సులుగానే నిలిచి ఉన్నారు. మా ఇంటికి వచ్చిన అమ్మాయి కూడా బహుశా ఆ లక్షలలో ఒకరే.

2021లో ప్రచురితమైన ఒక పరిశోధన ఈ వ్యత్యాసాన్ని కొలిచి చూపింది. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వేను రిజిస్టర్ల లెక్కతో పోల్చి చేసిన అధ్యయనమది. పుస్తకాల ప్రకారం పది వేల జనాభాకు నర్సులు, మంత్రసానులు కలిపి 17.7 మంది. ఇంటింటి సర్వేలో, తాము ఆ పనిలో ఉన్నామని చెప్పినవారు 10.6 మంది. వారిలో ఆ పనికి తగిన చదువు ఉన్నవారిని మాత్రమే లెక్కిస్తే మిగిలినది 6.0. పుస్తకంలో ముగ్గురు కనిపించినచోట, అర్హతతో మంచం పక్కన నిలబడి ఉన్నది దాదాపు ఒక్కరన్నమాట.

17.7 నుండి 10.6కు పడిన అంతరంలో మన బీరువాలున్నాయి. 10.6 నుండి 6.0కు పడిన అంతరంలో మరొక విషాదం ఉన్నది. ఆ విషయం పాఠక కుటుంబాలు ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది. వీధి చివర ఫ్లెక్సీ కట్టి 'ఆరు నెలలలో నర్సింగ్, వంద శాతం ఉద్యోగం' అని పిలిచే సంస్థలను మనమందరం చూసే ఉంటాము. అక్కడ చేరిన ఆడపిల్లలకు చిన్న ఆసుపత్రులలో పని దొరకవచ్చు, తెల్లకోటు కూడా దొరకవచ్చు. కాని ఏ కౌన్సిల్ రిజిస్టరులోనూ వారి పేరు ఎన్నటికీ ఎక్కదు. స్టాఫ్ నర్సుగా నమోదు కావాలంటే మూడేళ్ళ జీఎన్ఎం గాని, నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్ గాని పూర్తి చేయవలసిందే. రెండేళ్ళ ఏఎన్ఎం కూడా గౌరవమైన చదువే. గ్రామ ఉపకేంద్రాలు దాని మీదనే నడుస్తున్నాయి. అయితే దాని నమోదు వేరు, స్టాఫ్ నర్సు ఉద్యోగానికి అది చాలదు. ఫీజు కట్టే ముందు తండ్రులు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "ఈ చదువు పూర్తయ్యాక మా అమ్మాయి పేరు ఏ కౌన్సిల్‌లో, ఏ అర్హతతో నమోదవుతుంది?" జవాబు నోటిమాటగా చెబితే నమ్మరాదు. కాలేజీకి రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు ఆ సంవత్సరానికి ఉన్నదో లేదో జాబితాలో చూసుకోవాలి. బెంగళూరు వెళ్ళి చదివే మన పిల్లలు ఎందరో ఉన్నారు. సాధారణంగా మొదటి నమోదు చదివిన రాష్ట్రంలోనే జరుగుతుంది, తరువాత స్వరాష్ట్రానికి మార్చుకోవలసి ఉంటుంది. ఆ రెండవ మెట్టు మరచిపోయినవారు ఉద్యోగం దొరికిన రోజున పరుగులు పెడుతున్నారు.

ఈ గందరగోళాన్ని సరిదిద్దడానికే భారత నర్సింగ్ కౌన్సిల్ కొన్నేళ్ళ క్రితం ఆన్‌లైన్ రిజిస్టరును ప్రారంభించింది. ఆధార్‌తో సరిచూసి, ప్రతి నర్సుకూ దేశమంతటా చెల్లే ఒక ప్రత్యేక సంఖ్యను ఇస్తారు. నమోదును ఐదేళ్ళకొకసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఆ ఐదేళ్ళలో 150 గంటల నిరంతర విద్య పూర్తి చేసి ఉండాలన్నది కౌన్సిల్ నియమం. 2023లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం, 1947 చట్టం స్థానంలో దీన్నంతటినీ మరింత కట్టుదిట్టం చేయదలచింది. జాతీయ స్థాయిలో కమిషన్, రాష్ట్రాలలో కమిషన్లు, ఎప్పటికప్పుడు సరిదిద్దే ఒకే జాతీయ రిజిస్టరు దాని ఉద్దేశ్యాలు.

రాష్ట్రానికి ఈ లెక్క ఎందుకు కావాలన్న సందేహం రావచ్చు. ఏ జిల్లాలో ఎందరు నర్సులు నిజంగా పనిలో ఉన్నారో, ఎందరు వచ్చే పదేళ్ళలో పదవీ విరమణ చేస్తారో, ఎందరు విదేశాలకు వెళ్తున్నారో తెలియకుండా ఎన్ని సీట్లు పెంచాలో ఎవరు చెప్పగలరు? 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ప్రభుత్వ వైద్య కళాశాలలకు అనుబంధంగా 157 నర్సింగ్ కళాశాలలను మంజూరు చేసింది. వాటికి 1,570 కోట్ల రూపాయలు కేటాయించారు. ఏటా 15,700 మంది పట్టభద్రులు బయటికి వస్తారని అంచనా. మంచిదే. కాని మన రాష్ట్రాల కొరత కేవలం సీట్ల కొరత కాదని మా అభిప్రాయం. దక్షిణాదిలో నర్సింగ్ కాలేజీలకు లోటు లేదు. చదివి నమోదై ఇంట్లో కూర్చున్నవారిని లెక్కలోకి తీసుకోకుండా, వారిని తిరిగి పనిలోకి పిలిచే దారి వేయకుండా కొత్త కాలేజీలు మాత్రమే కడుతూ పోతే, తొట్టి అడుగున చిల్లు ఉంచి నీళ్ళు పోసినట్లవుతుంది.

ఆ చిల్లు జీతం దగ్గర కూడా ఉన్నది. నర్సుల సంఘం వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశం మేరకు కేంద్రం నియమించిన నిపుణుల సంఘం స్పష్టమైన సిఫారసులే చేసింది. యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో సైతం నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని, 200 పడకలు దాటినచోట ప్రభుత్వ నర్సుతో సమానంగా ఉండాలని చెప్పింది. అమలు చేయవలసింది రాష్ట్రాలు. ఆ సిఫారసు వెలువడి ఇన్నేళ్ళయినా, అందులో సగం మీదనే నైట్ డ్యూటీలు చేస్తున్న అమ్మాయిలను మేమెరుగుదుము. కొరత ఉన్న వృత్తిలో జీతం పెరగాలన్నది బజారు న్యాయం. ఇక్కడ ఆ న్యాయం పనిచేయడం లేదు.

మరి భవిష్యత్తు గిరాకీ సంగతి. 2023లో ప్రపంచంలో 58 లక్షల మంది నర్సుల కొరత ఉన్నదని, 2030 నాటికి అది 41 లక్షలకు తగ్గవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక చెబుతున్నది. ప్రపంచంలోని ప్రతి ఏడుగురు నర్సులలో ఒకరు తాము పుట్టిన దేశంలో కాక వేరొక దేశంలో పనిచేస్తున్నారు. మన దేశంలోనే చూస్తే, 2022లో అరవై ఏళ్ళు దాటినవారు జనాభాలో 10.5 శాతం ఉండగా 2050 నాటికి 20.8 శాతమవుతారని ఐక్యరాజ్య సమితి జనాభా నిధి అంచనా. దక్షిణాది రాష్ట్రాలలో వృద్ధుల పాలు ఇప్పటికే దేశ సగటు కంటే ఎక్కువ. పక్షవాతం వచ్చిన నానీ, షుగరు పుండుతో మంచాన పడిన దాదా లేని ఇల్లు మన వీధులలో ఎన్ని ఉన్నాయి? ఆ సేవ చేస్తున్నది ఇంటి కోడళ్ళే. రాత్రంతా మేల్కొని చేసే ఆ సేవకు అభ్యంతరం చెప్పని పెద్దలు, అదే సేవను చదువుకుని, యూనిఫాం వేసుకుని, జీతానికి చేస్తానంటే మాత్రం "నైట్ డ్యూటీలున్న పిల్లకు సంబంధాలు రావు" అంటున్నారు. మన పట్టణాల పెద్ద ఆసుపత్రులలో మలయాళీ సిస్టర్లు దశాబ్దాలుగా ఎందుకు కనిపిస్తున్నారో దీన్ని బట్టి గ్రహించవచ్చు. వారి ఇళ్ళలో ఈ చదువును ఆస్తిగా చూశారు.

గల్ఫు గురించి ఒక మాట. సౌదీలో గాని, ఎమిరేట్లలో గాని, కతర్‌లో గాని లైసెన్సు కావాలంటే పరీక్ష ఒక్కటే చాలదు. అభ్యర్థి ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్టునూ దానిని జారీ చేసిన సంస్థకే పంపి నిజమా కాదా అని విచారిస్తారు. కౌన్సిల్ నుండి 'గుడ్ స్టాండింగ్' పత్రం అడుగుతారు. సాధారణంగా ఇటీవలి రెండేళ్ళ అనుభవం చూపమంటారు. రిజిస్ట్రేషన్ గడువు తీరి ఉన్నా, పాస్‌పోర్టులోని పేరుకూ రిజిస్టరులోని పేరుకూ ఒక అక్షరం తేడా ఉన్నా దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ఆగిన ప్రతి నెలా ఏజెంటు చేతిలో మరికొంత డబ్బు పడుతుంది. నర్సులను మోసగించే దళారులను అరికట్టడానికే కేంద్రం 2015లో గల్ఫు వంటి దేశాలకు వెళ్ళే నర్సులకు ఎమిగ్రేషన్ అనుమతిని తప్పనిసరి చేసింది. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నేరుగా విదేశీ ఆసుపత్రులకు నర్సులను ఎంపిక చేస్తున్నది, జర్మనీ వెళ్ళదలచినవారికి భాష కూడా నేర్పిస్తున్నది. ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్ ఉన్నది. ఏజెంటు దగ్గరికి వెళ్ళే ముందు ఈ గుమ్మాలు ఒకసారి తొక్కడం వివేకం.

ఆ రోజు మా ఇంటికి వచ్చిన అమ్మాయికి మేము చెప్పిన జవాబు ఇది: "అమ్మా, మీరు నర్సే. చదివిన చదువు ఎక్కడికీ పోదు. కాని ఈ రోజు మీరు ఇంజెక్షను పట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమూ సబబే." మందులు మారాయి, పరికరాలు మారాయి, ఇన్నేళ్ళ విరామం తరువాత నేరుగా వార్డులోకి పంపడం రోగికి క్షేమం కాదు. ఈ మాట విని పెద్దాయన ముఖం చిన్నబోయింది. ఆమె మాత్రం తలూపారు.

తరువాత ఒక్కొక్కటే మొదలుపెట్టారు. పేర్లన్నీ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్టు చేయించారు. రెన్యువల్‌కు, ఇప్పుడు నివసిస్తున్న రాష్ట్రానికి నమోదు మార్చుకోవడానికి దరఖాస్తు సిద్ధం చేసుకున్నారు. నిరంతర విద్య తరగతులకు వారానికి రెండు రోజులు బస్సెక్కి వెళ్తున్నారు. ఆ రోజులలో భర్తే వంట చేసి పిల్లలను బడికి పంపుతున్నారట. పోయిన వారం ఫోను చేసి, ఆధార్‌కు జతచేసిన నంబరు ఎప్పుడో రద్దయిన భర్త పాత సిమ్ కార్డుదని, ఓటీపీ రావడం లేదని, ముందు దానిని మార్పించుకోవాలని చెప్పారు. ఆమె పెద్దమ్మాయి తొమ్మిదవ తరగతి. వచ్చే ఏడాది నామినల్ రోల్ తయారయ్యేలోగా ఆ పిల్ల పేరు ఆధార్‌లోనూ బడి రికార్డులోనూ ఒకే విధంగా ఉండేటట్లు చూడమని తాతగారు ఇప్పటికే బడికి వెళ్ళి హెడ్మాస్టరును కలిసి వచ్చారట. 'షేక్' అని పూర్తిగా, పొట్టి అక్షరాలు లేకుండా రాయించారట.