విమానమును నిలుపు చేతులు

సూడాన్ దేశమున అంతఃకలహము చెలరేగిన 2023 ఏప్రిల్ మాసాంతమున, ఖార్టూము నగరమున కుత్తరముననున్న వాడీ సయ్యిద్నా అను చిన్న మైదానమున మన వాయుసేనకు చెందిన సి-130జె విమానమొకటి రాత్రివేళ దిగి, 121 మందిని ఎక్కించుకొని క్షేమముగా జెడ్డా చేర్చెను. అక్కడ దిగుటకు దీపములు లేవు, దారి చూపు సాధనములు లేవు, ఇంధనము లేదు. చీకటిలో చూపునిచ్చు అద్దములను ధరించి వైమానికులు దిగిరి. ప్రయాణికులు ఎక్కుచున్నంతసేపును ఇంజనులు ఆపలేదు.

ఈ కడపటి మాట పాఠకులు ఒకింత యోచింపదగినది. శత్రువు ఎచ్చటనున్నాడో తెలియని చోట ఇంజను ఆగి, మరల రాజుకొనకపోయినచో, రక్షింపవచ్చినవారే రక్షింపబడవలసిన వారగుదురు. వైమానికుడు ఆ ఇంజనుపై ఉంచిన విశ్వాసము లోహముపై ఉంచినది కాదు. తాను బయలుదేరుటకు ముందు దాని మూతలు విప్పి, నూనె చూచి, బిగింపులు తడవి, చిట్టాలో తన పేరు వ్రాసి సంతకము చేసిన మనుష్యునిపై ఉంచిన విశ్వాసమది. పత్రికలలో వైమానికుల సాహసము వర్ణితమైనది. వర్ణింపదగినదే. ఆ సంతకము చేసిన వాని ప్రస్తావన మాత్రము మాకెచ్చటను కనబడలేదు.

సైనిక ప్రత్యేక కార్యముల కొరకు మన ప్రభుత్వము అమెరికానుండి ఈ విమానములను కొనెను. 2011లో ఢిల్లీ చెంతనున్న హిండన్‌లో మొదటి స్క్వాడ్రన్ ఏర్పడెను. పిమ్మట పశ్చిమ వంగములోని పానాగఢ్‌లో రెండవది వెలసెను. 2013 ఆగస్టు 20వ తేదీన ఇందులో ఒకటి లడఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీ మైదానమున, అనగా 16,614 అడుగుల ఎత్తున, దిగెను. 2024 జనవరిలో కార్గిల్ మైదానమున రాత్రివేళ దిగినట్లు వాయుసేన ప్రకటించెను. గాలి పలుచనైన అట్టి చోట ఇంజను శక్తి తగ్గును. చిన్న లోపము పెద్దదగును. సరిచేయుటకు షెడ్డు లేదు, సామగ్రి లేదు.

ఇట్టి దళమున మెకానిక్కు పని సామాన్య రవాణా విమానముల పనివంటిది కాదు. విమానము రాత్రి ఎగురును గనుక ఇతని పనియు రాత్రియే. చీకటి అద్దములు ధరించిన వైమానికునికి యంత్రఫలకముపై తగని వెలుగునిచ్చు ఒక్క బుడ్డిదీపము చాలును, కండ్లు కమ్ముటకు. కావున ప్రతి దీపమును పరీక్షించుట ఇతని విధి. శత్రువు వదలిన క్షిపణిని దారి తప్పించుటకై నిప్పులు చిమ్ము తూటాలుండును. అవి అజాగ్రత్తగా తాకినచో నేలమీదనే పేలును. వాటికి అడ్డుగా గ్రుచ్చిన సూదులను, ఎర్రగుడ్డ పేలికలను లెక్కించి తీయుటయు, పనిముట్లను లెక్కించి మరల పెట్టెలో చేర్చుటయు నిత్యకృత్యములు. ఒక్క స్పానరు కనబడకున్నచో అది దొరకువరకు విమానము కదలదు. పై అధికారి తొందరపడినను కదలదు. ఎఫ్ 700 అను చిట్టాలో ఇతడు సంతకము చేయనిదే విమానము వైమానికునికి అప్పగింపబడదు. జీతమున చిన్నవాడైనను, ఆ ఒక్క క్షణమున, కాదనుటకు అధికారము గలవాడితడే.

మన పూర్వులు ఈ విషయము నెరుగకపోలేదు. సైంధవవధ దినమున యుద్ధము నడుమ అశ్వములు డస్సిపోగా, అర్జునుడు శత్రువుల నడ్డుకొనుచుండ, కృష్ణుడు రథమునుండి గుఱ్ఱములను విప్పి, గ్రుచ్చుకొనిన బాణములను పెరికి, నీరు త్రాపి, మరల పూన్చెనని భారతము చెప్పుచున్నది. గాండీవమును గూర్చి పలికినన్ని మాటలు మనవారు ఈ ఘట్టమును గూర్చి పలుకలేదు. ఆనాటి గెలుపులో దీని పాలు తక్కువ కాదని మా తలంపు.

ఇక అమెరికావారి అనుభవము చూడుడు. టెహరానులో బందీలైన తమవారిని విడిపించుటకై 1980 ఏప్రిల్ 24న నిమిట్జ్ అను ఓడనుండి ఎనిమిది హెలికాప్టర్లను పంపిరి. ఆఱు మిగిలిననేగాని పని సాగదని ముందే నిశ్చయించుకొనిరి. ఒకటి, రెక్కలో పగులు సూచించు పరికరము హెచ్చరిక చూపుటచే ఎడారిలో విడువబడెను. మఱియొకటి ధూళిమేఘములో పరికరములు చెడి వెనుకకు మరలెను. మూడవది ఎడారి మజిలీ చేరినను, ద్రవపీడనయంత్రము చెడి నిలిచిపోయెను. మిగిలినవి ఐదు. ఇరానీయులు ఒక్క తూటాయైన పేల్చకమున్నే ప్రయత్నము విరమింపబడెను. తిరుగు సన్నాహములో హెలికాప్టరొకటి ఇంధనము మోయు సి-130 విమానమును ఢీకొనగా ఎనమండుగురు మరణించిరి.

తరువాత హాలోవే అను నౌకాధిపతి నాయకత్వమున విచారణసంఘమొకటి కూర్చుండి ఆ యేడే నివేదిక నిచ్చెను. హెలికాప్టర్లు కనీసము పది ఉండవలసినదని అందు వ్రాసిరి. మాకు మఱియొక అంశము ముఖ్యముగా తోచుచున్నది. ఆ యంత్రములు నౌకాదళమువి, సముద్రములోని మందుపాతరలను తొలగించుటకు నిర్మింపబడినవి. నడపినవారిలో అధికులు మెరైను దళమువారు. రెక్కల హెచ్చరిక చూపినంతమాత్రమున పగులు ఉన్నట్లు కాదను ఎరుక ఆ జాతి యంత్రముతో దీర్ఘకాలము మెలగినవారిది. ఎడారిలో నిర్ణయము చేయవలసినవారిది కాదు. విడిచిపెట్టిన వారిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. వారికి తెలిసిన మేరకు వారు చేసినది వివేకమే. తెలిసినవాడొకడు, ఎక్కినవాడొకడు అయినప్పుడు ఇట్లే యగును. చేతులు కాలిన పిమ్మట అమెరికావారు ఆకులు పట్టుకొనిరి: 1987లో ప్రత్యేక కార్యములకు వేఱు సేనాధిపత్యమును, 1990లో వాయుసేనయందు అందులకే ప్రత్యేక శాఖను నెలకొల్పిరి.

అంతటితో కష్టములు తీరెనా? తీరలేదు. 2023 నవంబరు 29న జపాను దేశపు యాకుషిమా ద్వీపము చెంత ఆ శాఖకు చెందిన ఆస్ప్రే విమానము సముద్రమున కూలి ఎనిమిదిమంది చనిపోయిరి. దంతచక్రముల పెట్టెలో నూనెయందొక అయస్కాంతముండును; లోహపు తునుకలు అరిగి రాలినచో వాటిని పట్టి హెచ్చరించును. నాడది పలుమార్లు హెచ్చరించెను. చక్రము పగులుటయు, హెచ్చరికలు వచ్చుచున్నను ప్రయాణము సాగించుటయు రెండును కారణములని 2024 ఆగస్టున వెలువడిన నివేదిక తేల్చెను. ఆ పెట్టెల ప్రమాదమును గూర్చిన ఎరుక పై కార్యాలయమునుండి దళములకు చాలినంతగా దిగిరాలేదనియు దానివలన తెలియుచున్నది. అమెరికా ఆ జాతి విమానములన్నిటిని డిసెంబరునుండి మార్చి వరకు నేలమీద నిలిపివేసెను. ధనమున్నది, కర్మాగారములున్నవి, ప్రత్యేక శాఖయున్నది. తెలిసిన సంగతి తెలియవలసిన వానికి చేరలేదు.

మన సంగతికి వత్తము. మన యొద్దనున్న ఈ విమానములు పన్నెండు. వీని తోకభాగములు హైదరాబాదు చెంత ఆదిభట్లలో టాటా, లాక్‌హీడ్ మార్టిన్ సంస్థలు కలిసి నడుపు కర్మాగారమున తయారగుచున్నవి. ఇప్పటికి రెండు వందలకు పైగా అచ్చటినుండి ఎగుమతియైనవి. ప్రపంచమునకు తోకలు కూర్చి పంపు ఆంధ్రుల చేతులు ఇంజను మరమ్మతు నేర్వజాలవని ఎవ్వరనగలరు? 2024 సెప్టెంబరున ఆ రెండు సంస్థలే ఈ విమానముల పెద్ద మరమ్మతులకు మనదేశముననే కేంద్రము నెలకొల్పుటకు ఒడంబడిక చేసికొనినవి. సంతోషమే. కాని భాగములు, గ్రంథములు, అనుమతులు సముద్రము దాటి రావలసినంత కాలము స్వాతంత్ర్యము పూర్తికాలేదని మఱువరాదు.

అంతకంటె దగ్గరి ప్రశ్న మనుష్యులను గూర్చినది. 2022 జూన్‌లో ప్రకటింపబడిన అగ్నిపథము క్రింద, అధికారి శ్రేణికి దిగువను వాయుసేనలో చేరు యువకులలో అధికభాగము నాలుగేండ్లకే చేరుచున్నారు. ఆ గడువు తీరిన పిమ్మట నూటికి ఇరువదియైదుగురికి మించక నిలుపుదురు. సేన యౌవనముతో నుండవలెనని, పింఛను భారము తగ్గవలెనని ప్రభుత్వమువారు చెప్పు కారణములు కొట్టివేయదగినవి కావు. విడుదలైనవారిలో కొందరు పౌరవిమాన సంస్థలకు ఉపయోగపడుటయు నిజమే.

అయినను తుపాకి పట్టుట వేఱు, విమానము వినుట వేఱు. వినుట అని బుద్ధిపూర్వకముగనే వ్రాయుచున్నాము. అనుభవముగల మెకానిక్కు ఇంజను ధ్వనిలోని భేదము పరికరము చూపకముందే పట్టును. ఆ చెవి నాలుగేండ్లలో ఏర్పడదు. అందులోను మొదటి మాసములు శిక్షణకే పోవును. విద్య వంటపట్టు వేళకు వాడు గేటు దాటినచో, దేశము వానికి నేర్పిన వ్యయమును, వాడు నేర్చిన నేర్పును రెండును నష్టపోవును. నూటికి ఇరువదియైదను లెక్క కాల్బలమునకు సరిపోవునేమో గాని, పన్నెండు విమానములు గల చిన్న దళమునకు ఎట్లు సరిపోవును? ఇట్టి స్క్వాడ్రనులలో ఎందరిని నిలుపవలెనో అక్కడి విమానముల సంఖ్యయు, పని బరువును నిర్ణయింపవలెను. ఢిల్లీలోని పట్టిక కాదు. నిలిచినవారిని ఒకే జాతి యంత్రముపై దీర్ఘకాలముంచి, ఊరక బదిలీ చేయకుండుటయు అవసరము. లోపము చూచి విమానమును ఆపిన వానిపై పై అధికారి ఆగ్రహింపకుండ నియమము కావలెను. ఆపుటయే తన ఉద్యోగమని వానికి ధైర్యము కలుగవలెను.

వాయుసేనలో ఈ పద్ధతిపై తొలుత చేరిన జట్టు 2022 డిసెంబరున శిక్షణ ప్రారంభించినది. వారి నాలుగేండ్ల గడువు 2026 చివర తీరును. అందులో విమానములపై పనిచేయువారెందరు, ఎందరు నిలుపబడుదురు, ఏ కొలతతో ఎన్నబడుదురు అను వివరములను రక్షణమంత్రి ఆ గడువుకు ముందే పార్లమెంటు ఎదుట ఉంచవలెనని కోరుచున్నాము.